పాత బొమ్మల కథలకు విలువ ఎందుకు?

పిల్లలు చదివే బొమ్మల కథల పుస్తకాలు మీరు చూసే ఉంటారు. పేజీ నిండా గడులు ఉంటాయి. గడికో బొమ్మ ఉంటుంది. వరుసగా చూస్తూ పోతే కథ తెలుస్తుంది. చదువు రానివాళ్లకు కూడా సగం కథ అర్థమవుతుంది. వీటినే కామిక్స్ పుస్తకాలు అంటారు.

ఇలాంటి పాత పుస్తకాలను వెతికి దాచుకునేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. అమెరికాలో 1938లో సూపర్‌మ్యాన్ అనే వీరుడి కథతో ఒక పుస్తకం వచ్చింది. అప్పుడు దాని ధర 10 సెంట్లు. అంటే చిల్లర డబ్బులే. 2024లో ఆ పుస్తకం ప్రతి ఒకటి 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మన లెక్కలో సుమారు 50 కోట్ల రూపాయలు!

అంత ధర ఎందుకు వచ్చింది? అప్పట్లో పిల్లలు చదివి పారేశారు. చాలా పుస్తకాలు చిత్తు కాగితాల్లో పోయాయి. మిగిలినవి చాలా కొద్ది. అందుకే వాటికి అంత గిరాకీ.

మరి మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా? ఉన్నాయి. అవి కాగితం మీద కాదు, బట్ట మీద ఉన్నాయి.

చేర్యాల పటాలు

జఫర్‌గఢ్ నుంచి జనగామకు పోయి, అక్కడ సిద్దిపేట తొవ్వ పడితే చేర్యాల వస్తుంది. ఇంతకుముందు జఫర్‌గఢ్, జనగామ, చేర్యాల వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 2016లో కొత్త జిల్లాలు వచ్చాయి. జఫర్‌గఢ్ జనగామ జిల్లాలోకి వచ్చింది. చేర్యాల సిద్దిపేట జిల్లాలోకి పోయింది.

చేర్యాలలో నకాషీ కుటుంబాలు ఉన్నాయి. బొమ్మలు వేయడం వాళ్ల కులవృత్తి. ఆడవాళ్లు కూడా బొమ్మలు వేస్తారు. ముందుగా ఖద్దరు బట్టకు గంజి, తెల్ల సుద్ద, చింతగింజల అంబలి, బంక కలిపి పూస్తారు. అది ఆరాక బొమ్మలు గీసి రంగులు వేస్తారు. బొమ్మల వెనక ఎర్ర రంగు నింపుతారు. దీన్ని పటం అంటారు. పాత పటం మూడు అడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడవు ఉండేది. ఇంకా పొడవైనవి కూడా ఉండేవి. అందులో వరుసగా గడులు ఉంటాయి. గడికో ఘట్టం ఉంటుంది. అచ్చం బొమ్మల కథల పుస్తకం లాగే!

ఈ పటం పట్టుకుని కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగేవాళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకి పడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబ పురాణం చెబుతారు. పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క గడిని కట్టెతో చూపిస్తూ పాట పాడి కథ చెబుతారు.

పటాలు ఎందుకు తగ్గాయి?

దీనికి మూడు కారణాలు ఉన్నాయి.

ఒకటి, పాత ఆచారం. పటం చినిగిపోతే కొత్తది వేయించి, పాతదాన్ని నదిలో కలిపేవాళ్లు. పటాన్ని దేవుడితో సమానంగా చూసేవాళ్లు కాబట్టి ఊరికే పారేసేవాళ్లు కాదు.

రెండు, సినిమాలు, టీవీలు వచ్చాయి. కథ చెప్పించేవాళ్లు తగ్గారు. కొత్త పటాలు వేయించేవాళ్లూ తగ్గారు. నకాషీలు చిన్న బొమ్మలు, మొహాల బొమ్మలు చేసి అమ్ముకోవడం మొదలుపెట్టారు.

మూడు, బతుకు గడవక కొందరు పాత పటాలను అమ్ముకున్నారు. పటం పోయిన ఇంట్లో కథ చెప్పడం కూడా ఆగిపోయింది.

కొన్నవాళ్ల వల్ల మంచి కూడా జరిగింది. హైదరాబాదులో జగదీశ్ మిట్టల్, కమలా మిట్టల్ దంపతులు పాత బొమ్మలను ఎన్నో ఏండ్లు సేకరించారు. వాళ్ల పేరున్న మ్యూజియంలో 1625 నాటి తెలంగాణ పటం ఉంది. దాచారు కాబట్టే నాలుగు వందల ఏండ్ల కిందటి పటం మిగిలింది. కానీ బట్టను దాచినంత మాత్రాన పాట దొరకదు. పాట చెప్పేవాళ్ల నోట్లోనే ఉంటుంది.

ఇంట్లో పాత పటం ఉంటే

మడతలు పెట్టవద్దు. మడత దగ్గర రంగు రాలిపోతుంది. చాపలాగా చుట్టి, శుభ్రమైన నూలు బట్టలో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెట్టవద్దు. చెమ్మ పట్టి బూజు వస్తుంది. తడిబట్టతో తుడవవద్దు. ఎండ తగిలేచోట ఎక్కువ రోజులు ఉంచవద్దు. ఎలుకలు, చెదలు రాకుండా అప్పుడప్పుడు తీసి చూడాలి.

ఒక కాగితం మీద వివరాలు రాసి పెట్టాలి. అది ఏ కథ? ఎవరు వేశారు? ఎవరు చెప్పేవాళ్లు? ఏయే ఊళ్లలో చెప్పేవాళ్లు? ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. పాట వచ్చిన అవ్వో తాతో ఉంటే పాట కూడా రాసుకోవాలి. ఇప్పుడు ఫోనులో రికార్డు కూడా చేయవచ్చు.

ఎవరైనా కొంటామని వస్తే తొందరపడవద్దు. "పాత గుడ్డ, దీనికేం వస్తుంది?" అన్నా నమ్మవద్దు. తెలిసినవాళ్లకు చూపించి ధర తెలుసుకోవాలి. అమ్మితే ఎంతకు, ఎవరికి, ఏ రోజు అమ్మారో కాగితం రాయించుకోవాలి. చదవకుండా సంతకం పెట్టవద్దు. ఇంకో మాట. వంద ఏండ్లు దాటిన కళాఖండాలను సొంతంగా విదేశాలకు పంపడానికి వీల్లేదు. దీనికి 1972లో చట్టం వచ్చింది.

అచ్చు పుస్తకం ఒకటి పోతే ఇంకొకటి దొరకవచ్చు. చేతితో వేసిన పటం ఒక్కటే ఉంటుంది. అది పోతే మళ్లీ రాదు. మీ ఇంట్లో, మీ వాడలో ఇలాంటి పటం ఉందా? కథ చెప్పే పెద్దవాళ్లు ఉన్నారా? అడిగి తెలుసుకోండి. తెలిసింది మీ నోటు పుస్తకంలో రాయండి.