రోగి రహస్యం ఎవరి సొత్తు?



ఆదివారం ఆరాధన ముగిశాక మన నర్సును ఎవరో పక్కకు పిలుస్తారు. "సిస్టర్, ఫలానా అబ్బాయికి మా అమ్మాయిని ఇద్దామనుకుంటున్నాం. మీ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకున్నాడట. ఏమైనా ఉందా?" అడిగేవారు మన సంఘస్థులే, బిడ్డ క్షేమం కోరి అడుగుతున్నారు. అయినా సిస్టర్ చెప్పకూడదు. దయచేసి ఆమెను అపార్థం చేసుకోవద్దు.

హెచ్‌ఐవి గురించి 2017లో పార్లమెంటు చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం రోగి సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితం బయటపెట్టరాదు. బంధువులు అడిగినా, యజమాని అడిగినా, పాస్టరుగారు అడిగినా మా జవాబు ఒక్కటే. రహస్యం నిలవదని తెలిస్తే ఎవరూ పరీక్షకు రారు. పరీక్ష లేకపోతే మందులు అందవు, జబ్బు మరికొందరికి పాకుతుంది.

అయితే మాకు నిద్ర పట్టనివ్వని సందర్భం వేరొకటి ఉంది. భర్తకు హెచ్‌ఐవి అని తేలుతుంది. "మా ఆవిడకు మాత్రం చెప్పకండి డాక్టరుగారూ" అని కన్నీళ్ళతో బ్రతిమాలతాడు. ఆమె గర్భిణి. చెబితే మమ్మల్ని నమ్మినవాని మాట తప్పినట్లు. చెప్పకపోతే తల్లీబిడ్డలను ప్రమాదంలో విడిచినట్లు. మందులు వాడకపోతే తల్లి నుండి బిడ్డకు వైరస్ సోకే అవకాశం నూటికి 15 నుండి 45 వరకు ఉంటుంది. సరిగా వాడితే 5 కంటే తగ్గుతుంది. అందుకే ఆమెకు తెలియడం అంత ముఖ్యం.

ఇలాంటప్పుడు చట్టం చూపే మార్గం ఇది:

1. ముందుగా భర్తకు కౌన్సెలింగ్ చేసి, తానే భార్యకు చెప్పేలా ప్రోత్సహించాలి.
2. అతడు చెప్పడని రూఢి అయి, ఆమెకు నిజంగా ప్రమాదం ఉందని నమ్మితే, "మేము చెప్పబోతున్నాం" అని అతనికి ముందే తెలియజేయాలి.
3. ఆ తర్వాత అతనికి చికిత్స చేస్తున్న డాక్టరు లేక కౌన్సెలర్ మాత్రమే, ఆమెకు కౌన్సెలింగ్ చేసి, ముఖాముఖిగా చెప్పవచ్చు. నర్సు గాని, ల్యాబు సిబ్బంది గాని చెప్పరాదు.

రోగి స్త్రీ అయితే మరొక జాగ్రత్త ఉంది. విషయం తెలిస్తే భర్త కొడతాడని, ఇంటి నుండి వెళ్ళగొడతాడని భయపడటానికి కారణం ఉంటే అతనికి చెప్పనే కూడదు. ఆమె ప్రాణానికి చట్టం ఇచ్చిన కాపుదల అది.

మరి పెళ్ళి సంబంధం మాటేమిటి? 1998లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఆసుపత్రి విషయం చెప్పినందున పెళ్ళి ఆగిపోయిన వ్యక్తి వేసిన కేసు అది. కాబోయే భార్య ప్రాణాన్ని తలచి ఆసుపత్రిది తప్పు కాదని కోర్టు అన్నది. కాని 2017 చట్టం పైన చెప్పిన మార్గాన్ని భార్యాభర్తలకు, అలా కలిసి జీవించేవారికి మాత్రమే ఇచ్చింది. కాబట్టి పెద్దలు చాటుగా వాకబు చేయడం మాని, అబ్బాయి అమ్మాయి ఇష్టపూర్వకంగా కలిసి పరీక్ష చేయించుకునేలా మాట్లాడండి. ప్రభుత్వ కేంద్రాలలో ఈ పరీక్ష ఉచితం. ఏఆర్‌టీ మందులు కూడా 2004 నుండి ఉచితంగా ఇస్తున్నారు. వాటిని క్రమంగా వాడి, రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గినవారి నుండి లైంగికంగా జీవిత భాగస్వామికి అది సోకదు.

నమ్మకమైనవాడు రహస్యం దాచునని సామెతల గ్రంథం 11వ అధ్యాయం మనకు నేర్పుతుంది. ఈసారి సిస్టర్ మౌనంగా ఉంటే, రేపు మీ రహస్యాన్నీ ఆమె అలాగే కాపాడుతుందని గుర్తుంచుకోండి. ఇటువంటి నిర్ణయాలలో మాకు జ్ఞానం కలుగునట్లు మీ అనుదిన ప్రార్థనలలో మమ్మును జ్ఞాపకం చేసుకొనగలరు.