మా చాళ్ పోరని 18 నిమిషాల సినిమా

పోయిన నెల మా సంఘం హాల్లో ఒక సినిమా ఏసిండ్రు. పెద్ద సినిమా కాదు, 18 నిమిషాలది. గోడకు తెల్ల దుప్పటి కట్టి, కిరాయికి తెచ్చిన మిషన్‌తో చూపించిండ్రు. తీసింది మా చాళ్‌లో పుట్టి పెరిగిన పోరడే. ఇప్పుడు నలభై ఏండ్లవాడు, పోరడు అనొద్దు గానీ నా కంటికి పోరడే. పగలు ఆఫీసులో నౌకరి చేస్తడు. శని, ఆదివారాలు రాత్రిపూట స్టేజీ ఎక్కి, ఒక్కడే మైకు పట్టుకొని జనాన్ని నవ్విస్తడు. దాన్ని స్టాండప్ కామెడీ అంటరు. వేషం ఉండదు, తోడు ఉండదు. తన బతుకులోని ముచ్చట్లే చెప్పి నవ్వించాలె.

ఈ సినిమా గురించి రాయుమని మన పత్రికవాళ్లు అడిగిండ్రు. నేను చదివింది నాలుగో తరగతి. పాతికేండ్లు సాంచాలు నడిపిన చేతులివి, కలం అలవాటు లేదు. తప్పులుంటే మన్నించాలె. అయినా రాస్తున్న. ఎందుకంటే ఆ సినిమాలో నేను కూడా ఉన్న. ఆ సంగతి నాకు హాల్లో కూర్చున్నాకనే తెలిసింది.

ముందుగల్ల ఆ ఇంటి ముచ్చట చెప్పాలె. వాళ్ల బాపు, నేను ఒకే మిల్లు, ఒకే ఖాతా, పక్కపక్క సాంచాలు. పోగు తెగితే ఆయన ముడి ఏసే తీరు చూడాలె, రెప్పపాటులో అయిపోయేది. 1982 జనవరి 18 నాడు ముంబయి మిల్లుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకత్వాన దాదాపు రెండున్నర లక్షల మందిమి బయటికొచ్చినం. నెలలు గడిచినయి, ఏడాది దాటింది. ఆ సమ్మె గెలిచిందీ లేదు, ముగిసిందని ఎవరూ చెప్పిందీ లేదు. నన్ను మళ్లీ పనిలోకి తీసుకున్నరు, ఆయనను తీసుకోలేదు. తరువాత ఆయన హమాలీ చేసిండు, రాత్రి వాచ్‌మన్ చేసిండు. ఏదీ నిలువలేదు. మందు నిలిచింది. వదిన పాపడాలు ఒత్తి ముగ్గురు పిల్లలను సాదింది.

ఇక సినిమా. చాళ్‌లో ఒక్క గది. ఎనిమిదేండ్ల పిల్లగాడు రాత్రి మెట్ల మీద చప్పుడు వింటడు. బాపు అడుగు ఎట్ల పడుతున్నదో విని, ఇయ్యాల ఎంత తాగిండో చెప్పగలడు. తలుపు తీయంగనే వాడు మిల్లు ముకాదం లెక్క నడుము మీద చేతులు పెట్టి, గొంతు మార్చి అరుస్తడు. ‘ఏయ్, పాళీకి ఆలస్యం ఎందుకయింది?’ బాపు ఒక్క గడియ ఆగి నవ్వుతడు. నవ్వుకుంట గోడకు ఆనుకొని కూర్చుంటడు, అట్లనే నిద్రపోతడు. ఆ రాత్రి అవ్వకు దెబ్బలుండవు. మరునాడు పిల్లగాడు సేటు లెక్క చేస్తడు, ఆ తరువాత పోలీసు లెక్క. రోజూ కొత్త వేషం కావాలె. పాతది చేస్తే బాపు నవ్వడు. ఒకనాడు జ్వరమొచ్చి వానికి గొంతు లేవదు. ఆ రాత్రి ఏమైందో సినిమాలో చూపించలేదు. బంద్ చేసిన తలుపు, బయట ఆరబెట్టిన పాపడాలు, అంతే.

హాల్లో మొదటి ఐదు నిమిషాలు అందరం నవ్వినం. ముకాదం నడక చూసి ముసలోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. జ్వరం రాత్రి వచ్చేసరికి హాలు మొత్తం సప్పుడు లేదు.

ఒక సీన్‌లో బాపును భుజం పట్టుకొని ఇంటి దాకా తెచ్చే దోస్తు ఒకడున్నడు. ఆయన కూడా తాగే ఉంటడు. పిల్లగాడు వేషం ఏస్తే కడుపు పట్టుకొని నవ్వి, వాని చేతిలో అర్ధ రూపాయి పెట్టి, ‘శాబాష్ తమ్మీ’ అని ఎల్లిపోతడు. తలుపు ఎనుక నిలబడ్డ అవ్వ దిక్కు చూడడు.

ఆ దోస్తును నేనే. ఆ అర్ధ రూపాయి నేనే ఇచ్చిన. నాకు యాదికి కూడా లేదు, వానికి ఉన్నది.

సినిమా తీయకముందు వాడు నా దగ్గరికి వచ్చిండు. ‘కాకా, తెగిన పోగుకు ముడి ఎట్ల ఏస్తరో చూపించు’ అన్నడు. చూపించిన. నేను దాచుకున్న ధోటా అడిగిండు, ఇచ్చిన. సినిమా మొదట్ల కనపడే చేతులు, ఆ ముడి, ఆ ధోటా అట్ల వచ్చినవే. కథ మాత్రం నాకు చెప్పలేదు.

మన తెలుగోళ్లకు ఈ దారి కొత్తది కాదు. జానీ లివర్‌ను ఎరుగనోళ్లు లేరు. ప్రకాశం జిల్లా కుటుంబం, ముంబయిలో పెరిగిండు. నా ఈడువాడే, 1957లో పుట్టిండు. తండ్రి హిందుస్తాన్ లివర్ కంపెనీలో పనిచేసేటోడు. ఇంట్లో ఇబ్బందులతోని ఏడో తరగతికే బడి మానేసి, సినిమా నటుల గొంతులు చేసుకుంట వీధుల్లో పెన్నులు అమ్మిండు. తరువాత తండ్రి పనిచేసే కంపెనీలోనే కూలీగా చేరి, అక్కడి ఫంక్షన్‌లో పెద్ద సార్లను అనుకరిస్తే కార్మికులు పెట్టిన పేరే జానీ లివర్. తండ్రి తాగుడు గురించి ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నడు. చార్లీ చాప్లిన్ కథ కూడా అసొంటిదే. తండ్రి తాగి తాగి 1901లో చచ్చిపోయిండు, తల్లికి మతి చెదిరింది, చార్లీ ఏడేండ్లకే లండన్‌లో బీదల ఆశ్రమంలో పడ్డడు. ఆ పేదరికమే 1921లో ‘ది కిడ్’ సినిమా అయింది. మన పోరడు చెప్పంగ అమెరికాలో రిచర్డ్ ప్రయర్ అనే హాస్యగాడు కూడా 1986లో తన బతుకునే సినిమా తీసిండట.

సినిమా అయిపోయినాక హాల్లో లొల్లి అయింది. ఒక పెద్దమనిషి లేచి, ‘పోయినోని మీద ఇట్ల చెప్పొచ్చా? మన చాళ్ పరువేం కావాలె?’ అన్నడు. ఇంకొకాయన, ‘మిల్లు బందయితే మనిషి ఏం చేస్తడు? తప్పు మిల్లుది’ అన్నడు. అందులో నిజం ఉన్నది. పని పోయిన మొగోనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెలువదు. నాకు ఆ బాధ ఎరుకే. కానీ మిల్లు బందయిన ప్రతివాడూ పెండ్లాన్ని కొట్టలేదు గదా.

అప్పుడు వదిన లేచింది. డెబ్బై దాటింది, మోకాళ్లు పట్టుకొని మెల్లగ లేచింది.

‘సినిమా ముందుగల్ల నాకే చూపించిండు. తీయమన్నది నేనే. ఆయన చేతులు మంచిగ చూపించు, ఆయన నవ్వు చూపించు, తతిమ్మది దాయకు అన్న. అప్పుడు నేను ఏడుస్తుంటే గోడకు అటు ఇటు అందరికీ వినపడ్డది. ఎవలూ వచ్చి తలుపు కొట్టలే. అప్పుడు పోని పరువు ఇప్పుడెట్ల పోతది?’

ఎవరమూ మాట్లాడలేదు. మా గది వాళ్ల గదికి రెండో తలుపు.

బయటికొచ్చినాక పోరడు చాయ తెచ్చిచ్చిండు. నేను అడిగిన, ‘నా మీద కోపముంటే అప్పుడే చెప్పకపోతివి.’ వాడు నవ్విండు. ‘కోపం లేదు కాకా. బాపు కాకుండ బయటోళ్లు నా ఆటకు నవ్వడం అదే మొదలు. ఆ అర్ధ రూపాయి నా మొదటి పగార్.’

వాడు మంచోడు గనుక అట్ల అన్నడు. నేను మాత్రం ఆ మాట ఎనుక దాగలేను. ఎనిమిదేండ్ల పిల్లగాడు అర్ధరాత్రి నిద్ర ఆపుకొని వేషాలు ఎందుకు ఏస్తున్నడని నేను అడగలేదు. వాళ్ల బాపుతోని తాగింది నేను, ఇంటి దాకా తెచ్చి లోపలికి తోసింది నేను. నా తాగుడు మానేసి 22 ఏండ్లయింది. మానడానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు అక్కరకొచ్చినయి. ఫీజు ఏం ఉండదు, పేరు బయటపెట్టరు. నేను మానేసరికి ఆయన పోయి ఏండ్లయింది.

ఈ సినిమా మన బస్తీల్లో ఎక్కడ అడిగినా తెచ్చి చూపిస్తనన్నడు పోరడు. కావాల్నంటే మా సంఘానికి కబురు పెట్టుండ్రి. పిల్లలతోని చూడుండ్రి, మొగోళ్లు ముందు వరుసల కూర్చోండ్రి. ఇంకొక్కటి. మీ చాళ్‌లో రాత్రిపూట చప్పుడు వినపడితే తలుపు కొట్టుండ్రి. చక్కెర కావాల్నని అడిగినా సరే.