కౌన్సెలింగ్ సరే... థెరపీ మాటేమిటి?

పోలీస్ స్టేషన్‌లో మందలించి పంపినా కౌన్సెలింగే, ఇంజనీరింగ్ సీట్లు పంచినా కౌన్సెలింగే! ఇన్ని చోట్ల వాడేసరికి ఆ మాటకు అసలు అర్థం మరుగున పడిపోయింది.

అరకు కొండల్లో సికిల్ సెల్ సంగతే తీసుకోండి. తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు ఇది, గిరిజనుల్లో ఎక్కువ. దీన్ని రూపుమాపడానికి కేంద్రం 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది. పరీక్షలో ఓ కుర్రాడు జబ్బు లేని క్యారియర్ అని తేలిందనుకోండి. చేసుకోబోయే పిల్ల కూడా క్యారియరే అయితే, పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ లెక్క అర్థమయ్యేలా చెప్పి, భయం తగ్గించి, నిర్ణయం వాళ్లకే వదిలేయడం కౌన్సెలింగ్. నాలుగైదుసార్లు కూర్చుంటే చాలు.

అదే జబ్బుతో బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఊహించండి. ఏడాదైనా నిద్ర లేదు, పొలం పనికి పోదు, ‘నావల్లే పోయాడు’ అంటుంది. ‘ఊరుకోమ్మా, మళ్లీ పుడతారులే’ అనడం సలహా కూడా కాదు. ఆ ఆలోచన ఎక్కడ వేళ్లూనిందో నెలల తరబడి ఆమెతో కలిసి వెతకాలి. అది సైకోథెరపీ. అందుకు ప్రత్యేక శిక్షణ కావాలి. మందులు అవసరమైతే రాసేది సైకియాట్రిస్టు.

రెంటి మధ్యా గోడేమీ లేదు లెండి. కార్ల్ రోజర్స్ 1942లో రాసిన పుస్తకం పేరులోనే రెండు మాటలూ ఉన్నాయి. ఆయన ఒకదాని బదులు ఇంకోటి వాడేవారు కూడా.

కొండ మీద అసలు చిక్కు భాష. ఇక్కడ తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడతారు. సికిల్ సెల్ లెక్క దుబాసీతో చెప్పించొచ్చు. పక్కింటావిడే దుబాసీ అయితే ఆ తల్లి నోరు విప్పుతుందా? విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పోదామంటే వంద కిలోమీటర్లు పైమాటే. వారం వారం కూలి మానుకుని ఘాట్ రోడ్డు దిగేదెవరు? ముందు ఊళ్లో గురువు దగ్గరకు పోతారు. అందులో నాకు తప్పు కనబడదు, ఆయన కూర్చోబెట్టి వింటాడు కదా! కానీ చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఆగకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ నంబర్ 14416. ఏ వేళ చేసినా పలుకుతారు, పైసా ఖర్చు లేదు. సిగ్నల్ దొరకాలి, అంతే. ఎవరి దగ్గరకు వెళ్లినా మూడు ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి: మీరేం చదివారు? ఎన్నిసార్లు రావాలి? నేను చెప్పింది మా ఇంట్లో వాళ్లకి చెబుతారా?