మజ్జిగ పడడం లేదా? ముందు ఇవి గమనించండి

ఎండలు ముదిరే రోజుల్లో మన పల్లెల్లో ఏ ఇంటి గుమ్మం తొక్కినా ముందుగా చేతికి అందేది గ్లాసుడు మజ్జిగ. ఇంటింటి దర్శనాలకు వెళ్ళే కాపరులకు ఇది బాగా తెలుసు. ఆ గ్లాసు అందుకునే వేళ రెండు రకాల మాటలు వినబడుతుంటాయి. "మా ఆయన మజ్జిగ మానేశారండి అయ్యగారూ, తాగితే కడుపు ఉబ్బుతోందట" అంటుంది ఒక ఇల్లాలు. "మనవడికి రెండు రోజులుగా నీళ్ళ విరేచనాలు అయ్యగారూ, మజ్జిగే పడుతున్నాను, తగ్గడం లేదు" అంటుంది మరో ఇంట నాయనమ్మ.

మొదటి ఇంటివారు మంచి ఆహారాన్ని వదులుకుంటున్నారు. రెండవ ఇంటివారు మజ్జిగ మీదే భారం వేసి పసివాడి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. మజ్జిగను అనవసరంగా నిందించకూడదు, గుడ్డిగా నమ్మకూడదు. బాధ ఎక్కడినుండి వచ్చిందో తెలుసుకోవాలి.

కడుపు ఉబ్బరం ఎందుకు?

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. ఇది దాదాపు నూటికి 5 పాళ్ళు. దీనిని అరిగించే లాక్టేజ్ అనే పదార్థం పసితనంలో మన చిన్నపేగులో బాగా ఊరుతుంది. పెద్దయ్యే కొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. మన దక్షిణాది రాష్ట్రాలలో ఇటువంటివారు ఎక్కువే. అరగని చక్కెర పెద్దపేగులోకి చేరి పులుస్తుంది, గాలి పుడుతుంది. అందుకే ఉబ్బరం, కడుపులో గడగడలు, కొందరికి పలుచని విరేచనం. ఇది అంటువ్యాధి కాదు, భయపడవలసినదీ కాదు.

పాలు తోడుకున్నప్పుడు ఆ చక్కెరలో కొంతభాగం లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పెరుగు పులుపు అదే. పైగా పెరుగులోని సూక్ష్మజీవులు పేగులో మిగతా చక్కెరను అరిగించడానికి సాయపడతాయి. అందుచేత పాలు పడనివారిలో చాలామందికి పెరుగు పడుతుంది. నీళ్ళు కలిపిన మజ్జిగలో గ్లాసుకు చక్కెర ఇంకా తక్కువ. అయితే సరిగా తోడుకోని పెరుగును చిలికినా, ఖాళీ కడుపున చెంబులకు చెంబులు తాగినా కొందరికి ఉబ్బరం తప్పదు.

కాబట్టి మజ్జిగ పడదని తేల్చేముందు ఒక పరీక్ష చేసి చూడండి. వారం రోజులు పాలు, పెరుగు, మజ్జిగ అన్నీ ఆపండి. ఉబ్బరం తగ్గకపోతే కారణం వేరే ఉంది. తగ్గితే, బాగా తోడుకున్న పెరుగు చిలికి, అన్నంతోపాటు అరగ్లాసు తీసుకోండి. పడితే మెల్లగా పెంచండి. పులుపు వలన గుండెల్లో మంట వచ్చేవారు కమ్మటి పెరుగే వాడుకోవాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు వేసుకోకుండా తాగడం మేలు.

తప్పు మజ్జిగదా, నీళ్ళదా?

ఒకే మజ్జిగ తాగిన నలుగురికీ వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అది పాలచక్కెర పని కాదు. పాలను కాచి తోడు వేస్తాము. కాని మజ్జిగలో కలిపే నీళ్ళను కాస్తున్నామా? మజ్జిగలో ఎక్కువ పాలు నీళ్ళే! పెరుగు పులుపు అనేక క్రిములను ఎదగనివ్వదు. కాని నీళ్ళు పోసిన కొద్దీ ఆ కాపుదల పలచబడుతుంది. పెళ్ళి పందిట్లో డ్రమ్ములో మజ్జిగ కలిపి, చేపలు నిలవ చేయడానికి తయారైన ఐసుగడ్డ అందులో వేస్తే చల్లదనంతోపాటు రోగమూ వస్తుంది.

చేతిమీద చీముపుండు ఉన్నవారు పాలు, పెరుగు ముట్టకూడదు. ఆ చీములోని క్రిములు ఆహారంలో ఒకసారి విషాన్ని పుట్టిస్తే మళ్ళీ కాచినా అది విరగదు. తిన్న కొద్ది గంటలలోనే వాంతులు మొదలవుతాయి. పచ్చిపాలను కాచకుండా తోడు వేయడమూ ప్రమాదమే. పశువులనుండి మనుష్యులకు వచ్చే బ్రూసెల్లా జ్వరం, క్షయ వంటివాటిని పులుపు ఆపుతుందని నమ్మలేము. పాలు పొంగు వచ్చేవరకు కాచాలి. తోడు పెరుగు మీద బూజు ఉన్నా, చెడు వాసన వచ్చినా పారవేయాలి.

పాత్ర సంగతి కూడా చూడండి. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో, రాగి చెంబులో పుల్లని మజ్జిగ నిలవ ఉంచితే లోహం అందులోకి దిగుతుంది. తాగినవారికి వికారం, కడుపునొప్పి, వాంతులు రావచ్చు. శుభ్రంగా కడిగి ఎండబెట్టిన మట్టికుండ గాని, స్టీలు గిన్నె గాని మంచిది.

పసిపిల్లల విషయంలో

ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ అక్కరలేదు. ఏ వయసు పిల్లలకైనా నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే మొదట కావలసినది ఓ.ఆర్.ఎస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణం తాగించి ఎందరినో బ్రతికించారు.

పెద్ద ప్యాకెట్టు ఒక్కదాన్ని కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్ళలో కలపండి. విరేచనం అయిన ప్రతిసారీ కొద్దికొద్దిగా పట్టండి. కలిపిన నీళ్ళను 24 గంటలు దాటితే పారబోయండి. తల్లిపాలు ఆపవద్దు. ఆశా కార్యకర్త ఇచ్చే జింకు బిళ్ళలను విరేచనాలు తగ్గినా 14 రోజులు వాడాలి. అన్నం తినే పిల్లలకు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఇవ్వవచ్చు. కాని అది ఓ.ఆర్.ఎస్.కు తోడే గాని బదులు కాదు.

కళ్ళు లోపలికి పోవడం, మూత్రం రాకపోవడం, పొట్టమీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకోవడం, మగతగా పడి ఉండడం, తాగలేకపోవడం, విరేచనంలో రక్తం కనబడడం - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటివైద్యం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 108కి ఫోను చేయండి.

ఇల్లాలు తన భర్తకు అన్నంలో అరగ్లాసు మజ్జిగ పోసి చూడవచ్చు, తొందరేమీ లేదు. నాయనమ్మ మాత్రం మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, ఈ పూటే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు కోసం లేవాలి.