పేటకు మిగిలిన పేరు

హైదరాబాదు నగరమున ఎ. ఎస్. రావు నగర్ అను పేట యొకటి కలదు. ప్రతిదినమును ఎందరో బస్సు కండక్టరుకు ఆ పేరు చెప్పి దిగిపోవుచున్నారు. ఆ పొడి అక్షరముల వెనుకనున్న అయ్యగారి సాంబశివరావుగారెవరో వారిలో ఎందరికి తెలియును? ఒక విద్వాంసుని పేరు పేటకు పెట్టుట గౌరవమే; పేరు మిగిలి పని మరుగుపడుట మాత్రము గౌరవము కాజాలదు.

రావుగారు నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామమున 1914లో జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఎం.ఎస్‌సి. పట్టమంది, అచటనే ఉపాధ్యాయులై, పిమ్మట అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యుచ్ఛాస్త్రము నభ్యసించిరి. తిరిగివచ్చి బొంబాయిలో హోమీ భాభాగారి టాటా పరిశోధనసంస్థను చేరిరి.

విశ్వకిరణములను లెక్కించుటకైనను, అణుశక్తిని అదుపులో నుంచుటకైనను సూక్ష్మమైన పరికరములు కావలెను. ఒక్క కణము కలిగించు విద్యుత్స్పందనము అత్యల్పము. దానిని పెంపొందించి లెక్కించుటయే ఎలక్ట్రానిక్సువారి పని. అట్టి పరికరములను విదేశములనుండి తెప్పించుట సులభము. కాని అవి చెడినచో బాగుచేయువాడును అటనుండియే రావలెను! రావుగారి బృందము వానిని స్వయముగా చేయబూనెను.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో 'అప్సర' అణురియాక్టరు పనిచేయనారంభించెను. దాని ఇంధనము బ్రిటనునుండి వచ్చినది. నియంత్రణవ్యవస్థ మాత్రము రావుగారి విభాగమువారి చేతిపని. న్యూట్రానులను క్షణక్షణము గమనించి, అవి మితిమీరినచో నియంత్రణదండములను జారవిడిచి రియాక్టరును ఆపవలసినది ఆ వ్యవస్థయే. పొరపాటునకు తావులేని పనిని మనవారు మనవారికే అప్పగించిరి.

1963లో భాభాగారి అధ్యక్షతను ఏర్పడిన ఎలక్ట్రానిక్సు సంఘమున రావుగారొక సభ్యులు. 1966లో భాభాగారు విమానప్రమాదమున మరణించిరి. అయినను ఆ సంకల్పము నశింపలేదు. 1967 ఏప్రిలు 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్సు కార్పొరేషను స్థాపితమయ్యెను. రావుగారే దాని తొలి నిర్వాహకులు. 1969లో ఆ సంస్థ టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించెను.

ఆ సంస్థ చేసిన టెలివిజనులు విపణిలో పోటీకి నిలువలేదుగదా యని కొందరాక్షేపింతురు. నిజమే. ప్రభుత్వపు నీడను పెరిగిన వర్తకము ఎండకు తాళదనుట కొట్టివేయదగిన మాట కాదు. కాని మా వృత్తిలో క్రయపత్రములను చదువుట మాకలవాటు. అమ్మువాడు యంత్రము నిచ్చునేగాని, దానిని చేయు విద్యను పత్రములో వ్రాసి యియ్యడు. ఆ విద్య తప్పులు చేసి, దిద్దుకొని, చేతితో నేర్వవలసినది. టెలివిజను పెట్టెలు పోయినను, అచట నేర్చిన చేతులు మిగిలినవి. ఆ లెక్క లాభనష్టముల పట్టికలో కానరాదు.

1965లో భట్నాగరు బహుమానమును, 1972లో పద్మభూషణబిరుదమును పొందిన రావుగారు 2003లో దివంగతులైరి. మన యిండ్లలోని చిన్నవాడెవడైన పేటపేరు చూచి "ఈయనెవరు?" అని యడిగినచో, బిరుదములను చెప్పి యూరకుండరాదు. కొనగలిగియుండియు చేసికొనుటకు పూనుకొనినవాడని చెప్పవలెను.