మాట్లాడే ఖడ్గాలు – పట్టిన చేతులు

మన కళాశాల గ్రంథాలయం ముందున్న వరండాలో ఒకనాటి మధ్యాహ్నం నలుగురు విద్యార్థులు తీవ్రంగా వాదించుకుంటూ కనిపించారు. పరీక్షల గొడవ కాబోలు అనుకొని దగ్గరకు వెళ్ళాను. సంగతి అది కాదు. ఆంగ్లంలోని అద్భుత కాల్పనిక నవలలలో స్టార్మ్‌బ్రింగర్ అనీ, నైట్‌బ్లడ్ అనీ రెండు ఖడ్గాలున్నాయట. రెండింటికీ ప్రాణమూ, ఇచ్ఛా ఉన్నాయట. ఆ ఖడ్గాలు పట్టిన వీరులిద్దరూ ఎదురెదురుగా నిలిస్తే ఎవరు గెలుస్తారన్నదే వారి వివాదం. నన్ను చూడగానే ఒకడు తల వంచుకొని, "ఊరికే కాలక్షేపం సార్" అన్నాడు. కాలక్షేపానికి అంత ఆవేశమెందుకని నేను అడగలేదు గాని, ఆ నవలలనూ, వాటికి పూర్వులైన మరికొన్ని గ్రంథాలనూ సంపాదించి చదివాను. ఆ పఠనమే ఈ వ్యాసానికి ఆధారం.

ఆయుధాలను పోల్చి చూడాలన్న కుతూహలం ఈనాటిది కాదు. మహాభారతం శాంతిపర్వంలో అంపశయ్యపై ఉన్న భీష్ముని సమీపించి నకులుడు అడిగిన ప్రశ్న ఇంచుమించు మన విద్యార్థుల ప్రశ్నయే. ధనుస్సును శ్రేష్ఠమైన ఆయుధమంటారు, నాకు మాత్రం ఖడ్గమే గొప్పదనిపిస్తుంది, తమ అభిప్రాయమేమి అని అడిగాడు. స్వయంగా కత్తియుద్ధంలో నేర్పరి గనుక అతని మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది! భీష్ముడు ఖడ్గం పుట్టుకను చెప్పాడు. బ్రహ్మ హిమవత్పర్వతంపై చేసిన యజ్ఞంలో అగ్ని నుండి నీలవర్ణంతో, వాడి కోరలతో భయంకరమైన భూతమొకటి లేచింది. అదే 'అసి'. అనంతరం అది ఆ రూపాన్ని వదలి ఖడ్గమైంది. రుద్రుని చేత, విష్ణువు చేత, దిక్పాలకుల చేత మెలగి చివరకు మనువును చేరింది. ఆ ఖడ్గాన్ని ఇస్తూ చెప్పిన మాటలలో ఒక కట్టడి ఉన్నది. దండించేటప్పుడు ధర్మం ప్రకారం దండించాలి గాని ఇష్టానుసారం కాదు. మందలింపుతో పోయేదానికి, జరిమానాతో పోయేదానికి ప్రాణం తీయరాదు. అంటే ఇక్కడ ప్రాణమున్న భూతం ప్రాణాన్ని చాలించుకొని ఆయుధమైంది; విచక్షణ మొత్తం పట్టిన చేతికి అప్పగింపబడింది.

ఐరోపా ఉత్తర దేశాలలో కథ మరొక విధంగా నడిచింది. అక్కడ ఖడ్గం తన ఇచ్ఛను వదులుకోలేదు. ఐస్‌లాండు గాథలలో టిర్‌ఫింగ్ అనే ఖడ్గమున్నది. ఒక రాజు ఇద్దరు మరుగుజ్జు శిల్పులను బంధించి బలవంతంగా చేయించుకున్నాడు. వారు చేసి ఇచ్చి, శాపం కూడా పెట్టి పోయారు. ఒరలో నుండి తీసిన ప్రతిసారీ అది ఒక మనిషిని బలి తీసుకుంటుంది. అయితే టిర్‌ఫింగ్ మాట్లాడదు. మాట్లాడే ఖడ్గం కోసం ఫిన్లాండుకు పోవాలి.

ఎలియాస్ లోన్‌రోట్ అనే వైద్యుడు పల్లెల వెంట తిరిగి, జానపద గాయకుల నోట విన్న పాటలను సేకరించి, 'కలేవల' అనే కావ్యంగా కూర్చి 1835లో ప్రకటించాడు. దానిని పెంచి 1849లో 50 సర్గలుగా తీర్చాడు. అందులో 31 నుండి 36 వరకు గల సర్గలు కుల్లెర్వో అనే అభాగ్యుని కథ. పినతండ్రి తన కుటుంబాన్ని నాశనం చేయగా బానిసగా పెరిగినవాడతడు. కమ్మరి ఇలమరినెన్ ఇంట పశువుల కాపరిగా ఉన్నప్పుడు ఆ ఇల్లాలు వేళాకోళానికి రొట్టెలో రాయి పెట్టి కాలుస్తుంది. రొట్టె కోయబోతే రాతికి తగిలి అతని కత్తి విరిగిపోతుంది. తండ్రి జ్ఞాపకంగా అతనికి మిగిలినదల్లా ఆ కత్తి ఒక్కటే. ఈ ఘట్టం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు ఊరకే కూర్చున్నాను. ఇక్కడి నుండి అతని జీవితం ప్రతీకారంగా మారిపోతుంది. తోడబుట్టినదని ఎరుగక ఒక యువతిని చేరదీస్తాడు; నిజం తెలిసి ఆమె నదిలో దూకుతుంది. పినతండ్రిపై పగ తీర్చుకొని ఇంటికి వస్తే ఇల్లు శూన్యం. చివరకు అడవిలో తన ఖడ్గాన్ని తీసి, నా రక్తం తాగుతావా అని అడుగుతాడు. ఖడ్గం జవాబిస్తుంది. నిర్దోషుల మాంసం తిన్నదానను, దోషిని తినడానికి నాకేమి అభ్యంతరం అన్న అర్థం వచ్చే జవాబు అది. కోపం లేదు, జాలి లేదు. లెక్క చూసి చెప్పినట్లు చెబుతుంది.

ఈ ఒక్క సంభాషణ ఇరవయ్యవ శతాబ్దంలో ఇద్దరు ఆంగ్ల రచయితలను వెంటాడింది. మొదటివాడు టోల్కీన్. విద్యార్థి దశలోనే 'కలేవల'ను అనువాదంలో చదివి ముగ్ధుడై, 1914 ప్రాంతంలో కుల్లెర్వో కథను వచనంలో తిరగరాయబోయి అసంపూర్ణంగా వదిలాడు. అది పుస్తకంగా 2015లో గాని రాలేదు. కాని ఆ బీజం నుండే టూరిన్ అనే అతని సొంత కథానాయకుడు మొలిచాడు. ఆ కథ 1977లో 'సిల్మరిలియన్'లోనూ, 2007లో 'ది చిల్డ్రన్ ఆఫ్ హూరిన్'గా విడిగానూ వెలువడింది. టూరిన్ ఖడ్గం ఆకాశం నుండి రాలిన ఉల్క ఇనుముతో చేసినది. చేసినవాని ద్వేషం అందులో మిగిలి ఉన్నదని మెలియన్ ముందే హెచ్చరిస్తుంది. ఆ ఖడ్గంతోనే చీకటిలో శత్రువని భ్రమించి, తనను విడిపించడానికి వచ్చిన ప్రాణమిత్రుడు బెలెగ్‌ను టూరిన్ చంపుకుంటాడు. తరువాత బ్రాండిర్ అనే నిరపరాధిని ఆవేశంలో నరుకుతాడు. ఇక్కడా తోడబుట్టినదని తెలియని పెండ్లి, నదిలో దూకిన చెల్లెలు, చివరకు ఖడ్గాన్ని అదే ప్రశ్న అడగడం. కాని జవాబు మారింది. నీ రక్తం సంతోషంగా తాగుతాను. నా యజమాని బెలెగ్ రక్తాన్నీ, అన్యాయంగా చచ్చిన బ్రాండిర్ రక్తాన్నీ మరచిపోవడానికి తాగుతాను అంటుంది. కుల్లెర్వో ఖడ్గానికి లేనిది ఈ ఖడ్గానికి ఉన్నది: పశ్చాత్తాపం. చంపినవానికంటె చంపిన ఇనుముకు జ్ఞాపకం ఎక్కువ! టోల్కీన్ చేర్చిన ఈ ఒక్క అంశం నా దృష్టిలో పెద్ద పెద్ద యుద్ధ వర్ణనలకంటె గొప్పది.

రెండవవాడు మైకేల్ మూర్‌కాక్. తనకు ఏడేండ్ల ప్రాయంలో బడిలో 'కలేవల' చదివి వినిపించారనీ, పౌల్ ఆండర్సన్ 1954లో వ్రాసిన 'ది బ్రోకెన్ స్వోర్డ్' తనపై పని చేసిందనీ అతడే చెప్పుకున్నాడు. 1961లో ఒక ఆంగ్ల పత్రికలో అతని ఎల్రిక్ మొదటిసారి కనిపించాడు. తెల్లని చర్మం, ఎర్రని కన్నులు, మూలికలు లేనిదే నిలబడలేని దేహం గల చక్రవర్తి. అతని ఖడ్గం స్టార్మ్‌బ్రింగర్ చంపినవారి ఆత్మలను తాగి, ఆ బలాన్ని అతనికి అందిస్తుంది. అయితే అది శత్రువుతో ఆగదు. ప్రేమించిన సిమోరిల్‌ను సైతం పొట్టన పెట్టుకుంటుంది. ఆ తొలి కథ ముగింపులో ఎల్రిక్ అసహ్యంతో ఖడ్గాన్ని సముద్రంలోకి విసురుతాడు. అది మునగదు. కేకలు పెడుతుంది. చివరకు నీటిలో ఈదుకుంటూ పోయి తానే మళ్ళీ దానిని పట్టుకుంటాడు.

వరండాలోని విద్యార్థులలో ఎల్రిక్ పక్షం వహించినవాడు నాతో అన్న మాట: "పాపం అతడేం చేశాడు సార్, అంతా కత్తే చేసింది." ఈ మాట విన్నాకనే వ్యాసం వ్రాయాలన్న సంకల్పం కలిగింది. ఖడ్గం చేసిందన్నది నిజం. కాని ఈదుకుంటూ పోయినవారెవరు? ఎల్రిక్ కథ నడిచినంత కాలమూ ఈ ఈత సాగుతూనే ఉంటుంది. కడకు మిత్రుడు మూన్‌గ్లమ్ ప్రాణంతో సంపాదించిన బలం కూడా తీరిన తరువాత, ఖడ్గం తన యజమానినే పొడిచి, నీకంటె నేను వేయిరెట్లు దుర్మార్గురాలినని చెప్పి నవ్వుతూ ఎగిరిపోతుంది. ఒకే ప్రశ్నకు మూడవ సమాధానం ఈ నవ్వు. ఇక్కడ ప్రశ్న అడిగే అవకాశం కూడా యజమానికి దక్కలేదు.

బలాబలాల పట్టికలు వేసే పద్ధతికి మూలం వేరొక చోట ఉన్నది. 1974లో అమెరికాలో వెలువడిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటలో మాయాఖడ్గానికి తెలివికి ఒక అంకె, అహంకారానికి ఒక అంకె ఇచ్చారు. ఖడ్గం అంకె మిక్కిలి హెచ్చయితే పట్టినవాడు దాని మాట వినవలసి రావచ్చు. 1980లో అదే ఆటకు వచ్చిన దేవతల గ్రంథం తొలి ముద్రణలో ఎల్రిక్‌కూ అంకెలు వేశారు. తరువాతి ముద్రణలలో ఆ భాగం తీసివేశారు. అంకెలు వచ్చాక పోటీలు రాక మానవు. నాకు దీనిపై వైరమేమీ లేదు. పశ్చాత్తాపానికి మాత్రం అంకె వేయడం సాధ్యం కాదు గనుక, ఆ పట్టికలో టూరిన్ ఖడ్గం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

ఉర్దూ విభాగం విద్యార్థులకు ఇక్కడ దాస్తానులు గుర్తుకు రావాలి. 1880లలో లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం నుండి వెలువడనారంభించిన 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా'లో మాయాలోకాన్ని ఛేదించే వీరునికి 'లౌహ్' అనే ఫలకం దొరుకుతుంది. ఆపద వచ్చినప్పుడు చూస్తే ఏమి చేయాలో దానిపై అక్షరాలు కనిపిస్తాయి. చూడకుండా తొందరపడితే చిక్కులో పడతాడు. తెలివి ఉన్న వస్తువే, కాని సలహాకే పరిమితం. చేయి చాచవలసినది మనిషి. అసి కథకూ దీనికీ ఉన్న చుట్టరికం ఎవరైనా శ్రద్ధగా పరిశీలించదగినది.

ఇక నైట్‌బ్లడ్. బ్రాండన్ శాండర్సన్ 2009లో వ్రాసిన 'వార్‌బ్రేకర్'లోనిది. ఆ లోకంలో మనుషులు తమ ఊపిరిని ధారపోసి వస్తువులకు చైతన్యం కల్పించి, ఆజ్ఞ ఇవ్వగలరు. వేయి ఊపిరులు పోసి ఒక ఉక్కు ఖడ్గానికి ప్రాణమిచ్చారు. చెడును నాశనం చేయమని ఆజ్ఞ ఇచ్చారు. ఆజ్ఞ ఉత్తమమైనదే. కాని ఉక్కుకు చెడు అంటే ఏమిటో తెలియదు! స్టార్మ్‌బ్రింగర్ వలె ఇది దుష్టం కాదు. పసిపిల్లవాని వలె ఉల్లాసంగా, సాయపడాలన్న ఆత్రంతో మాట్లాడుతుంది. ఒరలోని దానిని శత్రువుల మధ్యకు విసిరితే, దుర్బుద్ధి గలవారు దానికోసం ఒకరినొకరు చంపుకుంటారు. మంచివారికి దానిని తాకితే కడుపులో తిప్పుతుంది. ఖడ్గం మాత్రం తాను మంచి పనే చేశానని నమ్ముతుంది.

2014లో వచ్చిన 'వర్డ్స్ ఆఫ్ రేడియన్స్' చివర ఈ ఖడ్గం సెత్ అనేవాని చేతికి వస్తుంది. అతడెవరు? ఒక రాయిని తన దగ్గర ఉంచుకున్న యజమాని ఏది చెప్పితే అది చేయాలన్న కట్టుబాటుకు లోబడి, రాజులను వరుసగా చంపినవాడు. చంపుతూ ఏడ్చేవాడు. పాపం ఆజ్ఞ ఇచ్చినవారిదని తనకు తాను చెప్పుకునేవాడు. అర్థం తెలియని ఆజ్ఞను పాలించే ఖడ్గాన్ని, ఇన్నాళ్ళూ అర్థం అడగకుండా ఆజ్ఞలు పాలించిన చేతిలో పెట్టాడు రచయిత.

ఈ సంగతి చెప్పి, ఎల్రిక్‌ను సెత్ ఎదుట నిలిపితే ఎవరు గెలుస్తారని ఆ విద్యార్థినే తిరిగి అడిగాను. అతడు కొంతసేపు ఆలోచించి, తరువాతి సంపుటం చదివి చెబుతానన్నాడు. అది మన గ్రంథాలయంలో లేదు. అతని దగ్గర ఉన్నదట. సెలవుల తరువాత నాకూ తెచ్చి ఇస్తానన్నాడు.