చర నక్షత్రాలు – వేణు బప్పు పరిశోధన

పల్నాటి రైతుకు ఆర్ద్ర కార్తె సుపరిచితం. ఆ ఆర్ద్ర నక్షత్రపు కాంతికి నిలకడ లేదని ఎరిగినవారు తక్కువ. సాధారణంగా రోహిణి కంటె ప్రకాశవంతమైన ఆ తార 2020 ఫిబ్రవరిలో రోహిణి కంటె మసకబారింది. అది వెడలగ్రక్కిన ధూళి అడ్డుపడటం ముఖ్యకారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇట్లు కాంతి మారేవి చర నక్షత్రాలు. అరబ్బులు ‘రాస్ అల్ గూల్’, అనగా పిశాచ శిరస్సు, అని పిలిచిన తార తీరు వేరు: జంటతార అడ్డురాగా సుమారు 2 రోజుల 21 గంటలకొకసారి మసకబారుతుంది.

వేణు బప్పు (1927–1982) గారి పరిశోధన ఇట్టి తారలతోనే ఆరంభమైంది. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన ఆ వేధశాలే కుమారునికి తొలి బడి అనవచ్చు. విద్యార్థి దశలోనే చర నక్షత్రాలపై వ్యాసాలు ప్రచురించారు. ఈ పరిశీలనా విధానం సులభమే. కాంతి మారని రెండు తారలను, ఒకటి ఎక్కువ కాంతి గలదానిని, మరొకటి తక్కువ గలదానిని, ఎంచుకొని చర నక్షత్రం వాటి నడుమ ఎక్కడ నిలుస్తుందో అంచనా కట్టి, తేదీతో, గంటతో వ్రాసుకోవాలి. ఖరీదైన పరికరం అక్కరలేదు; కాని పరిశీలించక విడిచిన రాత్రిని ఏ మేధావీ తిరిగి తేలేడు.

1949లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉండగా ఒక తోకచుక్కను కనుగొన్నారు. అక్కడ ఊల్ఫ్–రాయె తారలపై పరిశోధించారు. ఇవి తమ పై పొరలను మహావేగంతో వెదజల్లే అత్యుష్ణ తారలు. వీటిలో అనేకం తుదకు సూపర్‌నోవాలుగా ప్రేలిపోతాయని భావిస్తున్నారు. స్వదేశానికి వచ్చి తమిళనాడులోని కావలూరులో వేధశాలను నిర్మించారు. అక్కడి 2.34 మీటర్ల దూరదర్శిని పూర్తికాకముందే కన్నుమూశారు. 1986లో దానికి ఆయన పేరే పెట్టారు.